చలికాలపు మిన్నెసోటాలో రెండు బజార్లు

మాల్ ఆఫ్ అమెరికాలో పొద్దున పూట కనబడేది కొనేవాళ్లు కాదు, నడిచేవాళ్లు. దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు. నడకకు వచ్చేవాళ్ల కోసం బయటి తలుపులు మాత్రం ముందే తీస్తారు. బూట్లు బిగించుకున్న ముసలి దంపతులు, చంటిపిల్లల బళ్లు తోసే తల్లులు, వాళ్ల మధ్య చీర మీద స్వెటర్ వేసుకుని చకచకా సాగిపోయే మనవాళ్లు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలు వీళ్లు. మంకీ క్యాప్ పెట్టుకున్న ఒకాయన నాన్న పక్కన అడుగు కలిపి, "ఏ ఊరండీ మనది?" అన్నారు. నాన్న బెజవాడ అన్నారు. ఆయనది తెనాలి. అంతే, రెండో చుట్టుకు నాన్న మమ్మల్ని వదిలేసి ఆయనతో వెళ్లిపోయారు.

ఒక్కో అంతస్తు చుట్టి వస్తే దాదాపు కిలోమీటరు. బయట సున్నాకు 18 డిగ్రీలు కింద. కాలిబాట మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది, డెబ్బై దాటిన మనిషి దాని మీద జారితే తుంటి ఎముక విరగొచ్చు. అందుకే తమ్ముడు శనివారం అనగానే ఇటే కారు తిప్పుతాడు. మరదలికి అది నచ్చదు. "వదిన అంత దూరం నుంచి వచ్చింది ఊరు చూడ్డానికి కదా, మాల్ చూడ్డానికా?" అంటుంది. ఆ అమ్మాయికి ఇష్టమైనది ఫిఫ్టీయత్ అండ్ ఫ్రాన్స్ అనే కూడలి. దుకాణాలన్నీ వీధి మీదే ఉంటాయి, పైన కప్పుండదు. రెండూ ఒక్కరోజే చూద్దామన్నాను నేను. దారిలో సౌత్‌డేల్ దగ్గర కూడా ఆపమన్నాను.

ముందు మాల్ సంగతి. ఇది 1992 ఆగస్టులో తెరిచారు. అంతకుముందు ఇక్కడ మెట్రోపాలిటన్ స్టేడియం ఉండేది. లోపలి వినోదాల పార్కులో, రంకులరాట్నాల సందడి మధ్య, నేల మీద ఒక లోహపు పలక ఉంది. ఆ స్టేడియంలో బేస్‌బాల్ ఆడేటప్పుడు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ ఉన్న చోటు అదే. అక్కడ నిలబడి తలెత్తితే ఎదురుగా దూరంగా, గోడ మీద ఎత్తున ఒక ఎర్ర కుర్చీ బిగించి ఉంటుంది. 1967లో బేస్‌బాల్ ఆటగాడు హార్మన్ కిల్లెబ్రూ కొట్టిన బంతి 520 అడుగులు ఎగిరి పడిన చోటుకు గుర్తు అది. అంత పెద్ద కట్టడంలో నా మనసుకు పట్టినవి ఆ పలక, ఆ కుర్చీ. ఇంకో విశేషం, ఇంత చలి దేశంలో ఈ మాల్ నడవాలకు ప్రత్యేకంగా వేడి పెట్టరు. పైకప్పు అద్దాల్లోంచి పడే ఎండ, దీపాల వేడి, వేలమంది ఒంటి వేడి, వీటితోనే లోపల వెచ్చగా ఉంటుంది.

అక్కడి నుంచి ఈడైనాలోని సౌత్‌డేల్ కొద్ది దూరమే. చూడ్డానికి మామూలు మాల్. కానీ పూర్తిగా కప్పు వేసి, వేడీ చల్లదనమూ అదుపులో పెట్టిన షాపింగ్ కేంద్రాల్లో మొదటిది ఇదే. 1956 అక్టోబర్ 8న తెరిచారు. దీన్ని రూపొందించిన ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్, 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక అమెరికా చేరాడు. ఇక్కడి శివార్లలో జనం కారు దిగకుండా బతకడం చూసి బాధపడ్డాడు. నలుగురూ కాలినడకన వచ్చి, కూర్చుని, కబుర్లు చెప్పుకునే వియన్నా కూడలి లాంటిది ఈ చలిలో కట్టాలనుకున్నాడు. మినియాపొలిస్‌లో బజారుకు వెళ్లడానికి అనువైన రోజులు ఏడాదికి 126 మాత్రమేనని అతని లెక్క. అందుకే కప్పు. ఆ కప్పు కింద చెట్లు, పక్షుల పంజరం, కాఫీ బల్లలు పెట్టించాడు. శిల్పి హారీ బెర్తోయా చేసిన బంగారు రంగు లోహపు చెట్లు మధ్య హాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ వాటి కింద బెంచీ మీద కాసేపు కూర్చుంది.

గ్రూయెన్ గీసిన పథకంలో మాల్ ఒక భాగమే. దాని చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి, పార్కు, చెరువు ఉండాలి. దేశమంతా అతన్ని చూసి కట్టినవాళ్లు తీసుకున్నది దుకాణాల పెట్టెను, దాని చుట్టూ ఎకరాల కొద్దీ పార్కింగును. గ్రూయెన్ 1968లో వియన్నాకు తిరిగి వెళ్లిపోయాడు. 1976లో ఆ ఊరి శివారులోనూ ఒక పెద్ద మాల్ లేచింది. వీటన్నిటికీ తండ్రిగా తన పేరు చెప్పొద్దని 1978లో నలుగురి ముందూ అన్నాడు. ఆ మనిషి గురించి చదివినప్పుడల్లా నాకు దుఃఖం కలుగుతుంది. ఊరి నడిబొడ్డు కట్టాలనుకున్నవాడి చేతి నుంచి ఊళ్ల నడిబొడ్డులను ఖాళీ చేసే వస్తువు వచ్చింది.

ఇక్కడ తమ్ముడు అడ్డుతగిలాడు. "మాల్‌లోనూ జనమే కదక్కా కూర్చునేది, మాట్లాడుకునేది?" నిజమే, పొద్దున నాన్నకు తెనాలి స్నేహితుడు దొరికింది అక్కడే. కానీ ఆ నడవా వీధిలా కనిపిస్తుందే తప్ప వీధి కాదు. బొచ్చు దుస్తుల అమ్మకాన్ని నిరసిస్తూ మాల్ ఆఫ్ అమెరికాలో నిలబడినవాళ్ల కేసులో 1999లో మిన్నెసోటా సుప్రీంకోర్టు అదే తేల్చింది. మాల్ ప్రైవేటు స్థలం, రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన హక్కు అక్కడ నిలబడదు. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఏమీ కొనకుండా సాయంత్రమంతా తిరిగి పెరిగిన నాకు ఈ తేడా చిన్నదనిపించదు.

ఫిఫ్టీయత్ అండ్ ఫ్రాన్స్‌కు చేరేసరికి మూడు దాటింది. ఫ్రాన్స్ అవెన్యూకు తూర్పున మినియాపొలిస్, పడమట ఈడైనా. రోడ్డు దాటితే ఊరు మారిపోతుంది. 1934లో తెరిచిన ఈడైనా థియేటర్ బోర్డు నిటారుగా నిలబడి ఉంది. కారు పెట్టడానికి పురపాలక పార్కింగులో డబ్బు అడగరు. చెక్కిళ్లు మండేంత గాలి, కాలి కింద ఉప్పు కరకర, గట్ల వెంట ఎత్తిపోసిన మంచు. వంద అడుగులు నడిచి ఒక దుకాణంలో దూరడం, ఒళ్లు వెచ్చబడ్డాక మళ్లీ బయటపడడం. ఇదీ ఇక్కడి పద్ధతి.

ఉన్ని సామాన్ల కొట్టులో అమ్మ ఐదు వేళ్ల తొడుగులు తీసుకుంది. కొట్టావిడ వాటిని మెల్లగా పక్కన పెట్టి, బొటనవేలికి మాత్రమే విడి గూడు ఉన్నవి అమ్మ చేతికి తొడిగింది. నాలుగు వేళ్లూ ఒకచోట ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుందట. తన పిడికిలి మూసి, తెరిచి చూపించింది. మరదలు తెలుగులో చెప్పేలోపే అమ్మకు అర్థమైంది. బట్టల మీద మిన్నెసోటాలో అమ్మకం పన్ను లేదు. మాల్ ఆఫ్ అమెరికా గురించి చెప్పేటప్పుడు అందరూ ఈ మాటే ముందు అంటారు గానీ, రాష్ట్రంలో ఏ వీధి కొట్టులో కొన్నా అంతే.

నన్నడిగితే, శీతాకాలంలో పెద్దవాళ్లను తీసుకొచ్చినవాళ్లు పొద్దున నడకకు మాల్‌కే వెళ్లాలి. ఆ వెచ్చదనానికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. కొనడానికీ, తిరగడానికీ, ఊరి మొహం చూడడానికీ మాత్రం వీధికే రావాలి, ఒక్క గంటయినా సరే. మరదలు ఈ తీర్పుకు సగమే ఒప్పుకుంది. జూలైలో వస్తే గంట చాలదంటుంది.