మగాడివి... ఏడుస్తావేమిట్రా!

"నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదు" అని మనకో సామెత ఉంది. అమెరికా వాళ్ళ కంట్రీ మ్యూజిక్ వింటున్నప్పుడల్లా నాకిదే గుర్తుకొస్తుంది. కౌబాయ్ టోపీ, గిటారు, చేతిలో విస్కీ గ్లాసు... ఇదీ ఆ పాటల్లో మగాడి అవతారం! చూడ్డానికి ఉక్కుమనిషి. పాట మొదలైందా, వదిలిపోయినదాన్ని తలుచుకుని ఒకటే ఏడుపు!

1952లో హాంక్ థాంప్సన్ 'ది వైల్డ్ సైడ్ ఆఫ్ లైఫ్' పాడాడు. తనను కాదని బార్ల తళుకుల్లోకి వెళ్ళిపోయిన ఆడదాని మీద నిష్ఠూరం. శ్రోతలు నెత్తిన పెట్టుకున్నారు. అదే ఏడాది కిట్టీ వెల్స్ జవాబు పాడింది. తప్పంతా ఆడదానిదేనా? పెళ్ళయ్యీ బ్రహ్మచారుల్లా తిరిగే మగాళ్ళ మాటేమిటి? అంతే! ఎన్.బి.సి. రేడియో ఆ పాట వెయ్యనంది. అయినా అది బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో మొదటి స్థానం కొట్టింది. ఒంటరిగా పాడి ఆ స్థానం అందుకున్న తొలి గాయని ఆవిడే.

మగాడు ఏడిస్తే జాలి, ఆడది అడిగితే నిషేధం!

పోనీ, ఈ పద్ధతిలో మగాడైనా సుఖపడ్డాడా? 1969లో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో, ఖైదీల ముందు జానీ క్యాష్ పాడిన 'ఎ బాయ్ నేమ్డ్ స్యూ' వినండి. రాసింది షెల్ సిల్వర్‌స్టీన్. ఇల్లు విడిచిపోతూ ఒక తండ్రి కొడుక్కి 'స్యూ' అని ఆడపేరు పెడతాడు. లోకం వెక్కిరిస్తుంది, కొట్లాడి కొట్లాడి వీడు రాటుదేలతాడని ఆయన లెక్క! పెద్దయ్యాక కొడుకు ఆయన్ని వెతికి పట్టుకుంటాడు. ఇద్దరూ రక్తాలు కారేలా కొట్టుకున్నాక, కారణం విని క్షమిస్తాడు. కానీ తన కొడుక్కి మాత్రం ఆ పేరు చచ్చినా పెట్టనంటాడు. హాస్యగీతమే. నాకు మాత్రం నవ్వుతూ నవ్వుతూనే గొంతు పట్టేస్తుంది.

మా నాయనమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. నేను వెక్కుతుంటే మా బాబాయి భుజం నొక్కి, "మగాడివి, ఏడుస్తావేమిట్రా!" అన్నాడు. ఆ రాత్రి పశువుల కొట్టం వెనక ఆయన ఒక్కడే కూచుని ఏడవడం విన్నాను. ఆ సంగతి మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. పాపం, ఆయనక్కూడా చిన్నప్పుడెవరో ఒక 'స్యూ' పేరు తగిలించే ఉంటారు!

తెరమీద హీరో పదిమందిని తంతే ఈలలు వెయ్యండి, నేనూ వేస్తాను. కానీ రేపు మీ అబ్బాయికి ఏ పేరు పెట్టుకున్నా సరే, ఆ సామెతను మాత్రం వాడికి అంటగట్టకండి!