నాళిక తనకు తానే ఇచ్చుకునే ఆజ్ఞ: డాలస్ ప్రయోగశాలలో మూత్రపిండ పరిశోధన

అమెరికాలోని డాలస్ నగరంలో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయపు సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రం, మూత్రపిండం పనితీరును అర్థం చేసుకోగోరేవారికి ప్రత్యేకంగా చూడదగిన చోటు. అక్కడి శిశువైద్య విభాగానికి చెందిన ఆల్బర్ట్ క్వాన్, మిషెల్ బామ్‌లు ఎలుకలపై జరిపి 1996లో ప్రచురించిన ప్రయోగం, మూత్రపిండం తనలో పారే ద్రవాన్ని ఎంతమేరకు వెనక్కి తీసుకోవాలో నిర్ణయించే హార్మోన్‌ను తానే కొంత తయారు చేసుకుంటుందని చూపింది.

ఆ ప్రయోగం ఏమిటో తెలియాలంటే ముందు మూత్రపిండంలో జరిగే పని తెలియాలి. రక్తకేశనాళికల గుచ్ఛమైన గ్లోమెరులస్, దాని నుంచి బయలుదేరే సన్నని నాళిక కలిసి నెఫ్రాన్ అవుతుంది. ఆరోగ్యవంతుడైన మనిషిలో ఈ గుచ్ఛాలన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి, కాని మూత్రంగా బయటికి వెళ్లేది సాధారణంగా ఒకటి రెండు లీటర్లే. మిగిలినదంతా నాళికల గోడల ద్వారా తిరిగి రక్తంలోకి చేరుతుంది. దీనినే పునఃశోషణ అంటారు. ఇందులో దాదాపు మూడింట రెండు వంతుల పనిని గ్లోమెరులస్‌కు ఆనుకొని మెలికలు తిరిగి ఉండే మొదటి భాగం, అంటే సమీప సంవళిత నాళిక, నిర్వహిస్తుంది.

ఇటువంటి ప్రయోగం జరిగే బల్ల వద్ద నిలిచిన సందర్శకునికి, మత్తులో ఉన్న ఎలుక దేహోష్ణం తగ్గకుండా వెచ్చగా ఉంచిన పీఠం, పక్కటెముకల దిగువ కోత గుండా బయటికి తెచ్చి చిన్న గిన్నెలో కదలకుండా అమర్చిన మూత్రపిండం, దానిపైన సూక్ష్మదర్శిని కనిపిస్తాయి. వెంట్రుకకన్నా ఎంతో సన్నని మొన గల గాజు గొట్టాన్ని ఒకే ఒక నాళికలోకి గుచ్చి, పైనుంచి సహజంగా వచ్చే ద్రవాన్ని అడ్డుకట్టతో ఆపి, తయారుచేసిన ద్రవాన్ని నిమిషానికి కొన్ని నానోలీటర్ల చొప్పున పంపి, దిగువన మరొక గొట్టంతో సేకరిస్తారు; నానోలీటరు అంటే మిల్లీలీటరులో పది లక్షలవ వంతు. నాళిక గోడ పీల్చుకోని ఇన్యులిన్ అనే పదార్థాన్ని ఆ ద్రవంలో కలుపుతారు కనుక, నీరు వెనక్కి పోయినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది, ఆ పెరుగుదలనుబట్టి పునఃశోషణను లెక్కగడతారు. కప్ప మూత్రపిండం నుంచి ఇలాగే సూక్ష్మవేధనతో ద్రవాన్ని తీసి పరీక్షించిన వెర్న్, రిచర్డ్స్‌లు 1924లోనే ఈ మార్గాన్ని తెరిచారు.

డాలస్ ప్రయోగంలోని తర్కం ఎంతో స్పష్టమైనది. యాంజియోటెన్సిన్-2 అనేది రక్తనాళాలను కుదించి, ఉప్పునూ నీటినీ శరీరంలో నిలిపే హార్మోన్. దాని తయారీలో చివరి మెట్టును నడిపే ఎంజైమును ఎనలాప్రిలాట్ అనే మందు అడ్డుకుంటుంది. హార్మోన్ ఏమాత్రం లేని ద్రవంలో ఈ మందును కలిపి నాళిక లోపలికి పంపినప్పుడు పునఃశోషణ మూడోవంతుకు పైగా పడిపోయింది. ఆ మందుతోపాటు యాంజియోటెన్సిన్-2ను కూడా లోపలికి పంపినప్పుడు అది తిరిగి పూర్వస్థితికి దగ్గరగా వచ్చింది. గ్లోమెరులస్ నుంచి ద్రవమే రాని ఆ నాళికలో హార్మోన్ తయారీని ఆపిన మందు పనిచేసిందంటే, ఆ హార్మోన్‌ను నాళికే ఉత్పత్తి చేసి తన లోపలికి వదులుతున్నదని అర్థం.

ఈ నిర్ధారణకు ఇతర ఆధారాలూ బలం చేకూరుస్తున్నాయి. ఈ హార్మోన్‌కు మూలపదార్థమైన యాంజియోటెన్సినోజెన్ సమీప నాళిక కణాల్లో తయారవుతుంది, దానిని చివరి రూపానికి మార్చే ఎంజైము ఆ కణాల లోపలి అంచున సమృద్ధిగా ఉంటుంది, నాళిక ద్రవంలో యాంజియోటెన్సిన్-2 గాఢత రక్తంలో ఉన్నదానికన్నా 100 నుంచి 1000 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు కొలతలు చూపాయి. ఇలా పుట్టిన హార్మోన్ కణం మీది గ్రాహకాలను పట్టుకొని, సోడియంను లోనికి తీసుకొని హైడ్రోజన్‌ను బయటికి పంపే వాహక ప్రోటీన్‌ను చురుకుగా చేస్తుంది. సోడియం వెంట నీరూ గోడ దాటుతుంది. ఊరి కాలువలో నీటిమట్టం ఎలా ఉన్నా పెరటి బావితో గడుపుకునే ఇల్లువలె, రక్తంలో హార్మోన్ స్థాయి మారకున్నా నాళిక తన పునఃశోషణను తానే సవరించుకోగలదు.

అందువల్ల రక్తపరీక్షలో కనిపించే హార్మోన్ స్థాయినొక్కదానినే చూసి మూత్రపిండంలో జరిగేదాన్ని అంచనా వేయడం సరికాదు. తెలుగునాట రక్తపోటుకు వేలాది మంది వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ మందులు ఈ హార్మోన్ మార్గాన్నే అడ్డుకుంటాయి. కనుక వాటి ప్రభావం రక్తనాళాలతో ఆగక మూత్రపిండం లోపలికీ చేరుతుంది. వీటిని వాడేవారు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలను వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించుకోవాలి, గర్భిణులు వీటికి దూరంగా ఉండాలి, రక్తపోటు అదుపులోకి వచ్చిందనే కారణంతో ఎవరూ తమంతట తాము మానివేయరాదు.