సింగలీలా కొండల్లో ఎర్ర పాండా

డార్జిలింగ్‌కు పడమట మానేభంజాంగ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుండి 3,636 మీటర్ల ఎత్తైన సందక్‌ఫూ శిఖరానికి పోయే దారి భారత, నేపాల్ దేశాల సరిహద్దు వెంట సాగుతుంది. ఒక మలుపులో మనం స్వదేశంలో ఉంటాము, మరో మలుపులో నేపాల్‌కు చెందిన ఇలాం జిల్లాలో అడుగు పెడతాము. మధ్య కంచె లేదు. ఇటువైపు అడవిని 1992లో సింగలీలా జాతీయ వనంగా ప్రకటించారు.

పొగమంచు కమ్మిన ఈ వెదురు పొదల మధ్య ఎర్ర పాండా నివసిస్తుంది. నేపాలీలు దీనిని హాబ్రే అంటారు. పిల్లి కంటే కాస్త పెద్దది. ఒళ్ళంతా ఎర్రని బొచ్చు, తోకపై వలయాలు. ఇది మనిషి కంటపడటం అరుదు. అయితే తరచుగా ఒకే చోట మలవిసర్జన చేయడం దీని అలవాటు. కనుక జంతువును పట్టుకోకుండానే, బాధించకుండానే, ఆ పెంటికలను పరీక్షించి దాని ఆరోగ్యాన్ని తెలుసుకోవచ్చు.

ఇలాం జిల్లాలో పశువులు మేసే అడవుల నుండి అలా సేకరించిన నమూనాల పరిశోధన 2015లో వెలువడింది. అధిక శాతం నమూనాలలో పేగు పరాన్నజీవులు బయటపడ్డాయి: ఏకకణ జీవులు, బద్దె పురుగులు, గుండ్రని పురుగులు.

కడుపులో పురుగులున్నంత మాత్రాన ప్రతి జంతువూ జబ్బుపడదు. కానీ ఎర్ర పాండా సంగతి వేరు. దీని జీర్ణకోశం మాంసాహారులది, తిండి మాత్రం వెదురాకు. ఆ ఆకులో సారం తక్కువ, అరిగేది ఇంకా తక్కువ. అంతంత మాత్రం శక్తితో బతికే ప్రాణికి పురుగులు పంచుకునే వాటా చిన్నదేమీ కాదు. పైగా ఏడాదికి ఒక్కసారే, సాధారణంగా ఒకటి రెండు పిల్లలనే కంటుంది. ప్రపంచంలో వీటి సంఖ్య పది వేలకు మించదని అంచనా.

పశువుల పేడతో కలుషితమైన నేల, నీరు రోగాలను చేరవేయగలవు. కాపరుల వెంట వచ్చే కుక్కలతో మరో ప్రమాదం ఉంది. కుక్కలకు సోకే డిస్టెంపర్ వ్యాధి ఎర్ర పాండాకు ప్రాణాంతకం.

అలాగని కాపరులను తప్పుపట్టి అడవి నుండి వెళ్ళగొట్టడం న్యాయమా? ఆవులు, చౌరీలు ఇచ్చే పాలు, ఆ పాలతో చేసే చుర్పీ వారి జీవనాధారం. వేళకు పశువులకు నట్టల మందు, కుక్కలకు టీకాలు అందితే, పాండా తిరిగే చోట్లలో మేత తగ్గితే, ఇరువురికీ మేలు. నట్టలు పోయిన ఆవు పాలూ పెరుగుతాయి.

డార్జిలింగ్ జంతుప్రదర్శనశాలలో ఎర్ర పాండాలను పెంచి అడవికి పంపే ప్రయత్నం జరుగుతోంది. దానికి హైదరాబాదులో పుట్టిన పద్మజా నాయుడు పేరు పెట్టారు. అక్కడ పుట్టిన రెండు ఆడ పాండాలను 2003లో సింగలీలాలో విడిచిపెట్టారు. అయితే అడవికి పంపిన ప్రాణి అక్కడ బతకాలంటే ముందు ఆ నేల శుభ్రంగా ఉండాలి. ఆ పని కొండమీది పశువుల కొట్టం దగ్గరే మొదలుకావాలి.