సిగ్గుకు పోయిన ఎనిమిది నెలలు

నేను తమిళంలో చదివినోణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

రైల్వే గుమాస్తాగా రిటైరైన ఏడాది నా మర్మస్థానంలో, ముందు తోలు కింద చిన్న పుండు లేచె. నొప్పి లేదు. కోవిల్‌పట్టిలో అందరూ తెలిసినోళ్ళే అని రైలెక్కి విరుదునగర్ పోయి, మందుల షాపులో పూతమందు కొంటిని. ఎనిమిది నెలలు అదే పూస్తిని.

బట్టలుతికేటప్పుడు రక్తం మరక చూసింది మా ఇంటామె. “నాకు కూడా చెప్పలేదే మీరు?” అని ఏడ్చె.

మదురైలో యూరాలజీ డాక్టరు ముక్క తీసి బయాప్సీకి పంపె. క్యాన్సరు. ఇది మొదట పాకేది గజ్జల్లోని గడ్డలకంట. తడిమి, స్కాన్ తీసి చూసిరి. పాకలేదు. కొన మాత్రం తీసేసిరి. ఇప్పుడూ నిలబడే ఒంటికి పోతున్నాను. ముందే వచ్చుంటే ఆ కొన కూడా మిగిలుండొచ్చు అనె డాక్టరు.

అమెరికాలో ఇది చాలా అరుదు. మన దేశంలో అంత అరుదు కాదు. తోలు వెనక్కి రాకుండా బిగిసిపోవడం, శుభ్రం లేకపోవడం, పొగాకు, హెచ్‌పీవీ వైరస్ దీనికి కారణాలు.

నాలుగు వారాలకూ మానని పుండు, గడ్డ, రక్తం ఉంటే పూతమందుతో కాలం గడపొద్దు. వయసు పిల్లలకు వృషణంలో నొప్పిలేని గడ్డ తగిలినా వెంటనే చూపించండి, అది కూడా చాలావరకు బాగయ్యేదే.

ఒంటరిగా పోవడానికి సిగ్గైతే నాకు ఫోన్ చేయండి. తోడు వస్తాను.