కరిచిందా అని అడిగినప్పుడు

ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వీసా వాళ్లకి అమెరికా ఇచ్చే గడువు 60 రోజులు మించదు. ఆ గడువులో కారు అమ్ముకోవచ్చు, సోఫా ఎవరికైనా ఇచ్చేయవచ్చు. శాంటా క్లారాలో మా పక్క అపార్ట్‌మెంట్ తమ్ముడికి అమ్మలేనిదీ, ఊరికే ఇచ్చేయలేనిదీ ఒకటి మిగిలింది. దాని పేరు బ్రూనో. ముక్కు చప్పిడిగా ఉండే జాతి, పైగా వయసు మళ్లింది. అలాంటి కుక్కలకి ప్రయాణంలో ఊపిరాడదని చాలా ఎయిర్‌లైన్స్ కార్గోలో ఎక్కించుకోవు. తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నింటిలో అడిగాడు. లీజులో కుక్కలకి ఒప్పుకోలేదని కొందరు, పసిపిల్లలున్నారని కొందరు తప్పుకున్నారు. వాళ్ల ఇబ్బందులూ నిజమే. చివరికి ఒక సాయంత్రం వచ్చి, "అక్కా, షెల్టర్‌లో వదిలిపెట్టాలి. ఒక్కణ్ణే వెళ్లలేను, నువ్వూ రావా?" అన్నాడు.

కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ తొందరపడలేదు. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఏ చప్పుడుకి భయపడుతుంది, ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. "ఎప్పుడైనా, ఎవరినైనా కరిచిందా?"

తమ్ముడు నా వైపు చూశాడు. దీపావళి నాడు అది అన్నం తింటుండగా ఒక పిల్లవాడు తోక లాగితే చెయ్యి పట్టేసింది. నెత్తురు రాలేదు, పంటి గుర్తులు పడ్డాయి. నేనూ అక్కడే ఉన్నాను. "ఇది రాస్తే దీన్నెవరు తీసుకుంటారక్కా? చంపేస్తారేమో" అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. నాకు ఏం చెప్పాలో తోచలేదు. కొంతసేపాగి అతనే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ అంతా రాసింది. ఆ పిల్లవాడి వయసెంత, కుక్క ముందు గిన్నె ఉందా, తర్వాత మళ్లీ ఎప్పుడైనా మీదికి వెళ్లిందా అని కూడా అడిగి రాసింది. "చెప్పడం మంచిదైంది. పిల్లలు లేని ఇల్లు చూస్తాం" అంది.

కొన్నాళ్లకి బ్రూనోకి ఇల్లు దొరికింది. అయినా ఆ సాయంత్రం నన్ను వదల్లేదు. దొరక్కపోయి ఉంటే ఆ నిజం దాని ప్రాణం మీదికి తెచ్చేదా? ఒక ప్రాణిని ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు కారుణ్య మరణం ఇవ్వాలో తేల్చేవాళ్లు ఎవరికి జవాబు చెప్పుకుంటారు? ఇన్నేళ్లుగా పన్ను కడుతున్న ఊళ్లో ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు.

వెతికితే తెలిసింది. కాలిఫోర్నియాలో 1998లో సెనేటర్ టామ్ హేడెన్ పేరుమీద ఒక చట్టం వచ్చింది. తగిన ఇల్లు దొరకగల జంతువుని చంపకూడదన్నది రాష్ట్ర విధానమని అది ప్రకటించింది. షెల్టర్‌లో జంతువుని ఉంచాల్సిన కనీస గడువుని అంతకుముందున్న 72 గంటల నుంచి ఆరు పనిదినాలకి పెంచింది. సాయంత్రమో వారాంతమో తెరిచి ఉంచే షెల్టర్లకైతే నాలుగు. చంపేముందు రెస్క్యూ సంస్థ అడిగితే అప్పగించాలంది. నన్ను ఆపేసింది మాత్రం అందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని రికార్డుల నిబంధన. జంతువు ఏ రోజున, ఏ పరిస్థితిలో వచ్చింది, ఏ వైద్యం జరిగింది, చివరికి ఏమైంది, అన్నీ రాయాలి. ప్రాణం తీసినవారి పేరు సైతం రాయాలి. మూడేళ్లు దాచాలి.

ఆ పేరు రాసే చెయ్యిని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. చట్టం అడిగింది ఆ చెయ్యిని శిక్షించడానికి కాదనే అనుకుంటున్నాను. ఒక ప్రాణం పోయినప్పుడు అది ఎవరి చేతుల మీదుగా పోయిందో లోకానికి తెలియాలన్నదే దాని ఉద్దేశమై ఉంటుంది.

కాని చట్టం తనంతట తాను నడవదు. 2009లో బడ్జెట్ కష్టాల్లో, ఇందులోని కొన్ని నిబంధనలకి ఊళ్లకు చెల్లించాల్సిన సొమ్ముని రాష్ట్రం నిలిపివేసింది. డబ్బు ఆగాక వాటిని పాటించడం చాలావరకు ఆయా ఊళ్ల పట్టుదలకే మిగిలింది. లెక్కల్లోనూ మెలికలున్నాయి. 2004లో ఇక్కడికి దగ్గర్లోనే, అసిలోమార్‌లో జంతు సంక్షేమ సంస్థల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం వేసే ప్రాణరక్షణ శాతంలో, యజమాని కోరిక మీద ఇచ్చే కారుణ్య మరణాల్లో కొన్ని చేరవు. తీసుకోవడమే తగ్గించుకున్న షెల్టర్‌కి శాతం దానంతటదే మెరుగవుతుంది. నూటికి 90 బతికాయని బోర్డు మీద చూసినప్పుడు, తలుపు దగ్గరే వెనక్కి పంపినవెన్ని అని కూడా మనం అడగాలి.

లెక్క సరిగా ఉంటే ఏం జరగగలదో పక్కనున్న శాన్ హొసే చూపించింది. 2010లో అక్కడి షెల్టర్, వీధి పిల్లులకి ఆపరేషన్ చేసి తెచ్చినచోటే వదిలిపెట్టడం మొదలుపెట్టింది. 2014 జూన్ దాకా పదివేల పైచిలుకు పిల్లులకి అలా చేశారు. 2009లో వచ్చిన పిల్లుల్లో 70 శాతానికి పైగా చంపుతుండగా, 2014కి అది 23 శాతానికి దిగింది. అదే షెల్టర్ తర్వాతి కాలంలో మళ్లీ కిక్కిరిసిపోయి ఫిర్యాదులు వస్తే, 2024లో నగర ఆడిటర్ లోపలికి వెళ్లి లోపాలన్నీ బహిరంగ నివేదికలో పెట్టారు. మంచి రోజులనీ చెడ్డ రోజులనీ ఒకే పుస్తకంలో రాసుకోగలిగిన ఊరంటే నాకు గౌరవం కలిగింది.

మా ఏలూరులో నా చిన్నతనాన మున్సిపాలిటీ వాళ్లు పొడుగాటి ఇనప పటకార్లతో వచ్చేవాళ్లు. కుక్క మెడ పట్టుకుని బండిలోకి విసిరేవాళ్లు. మేం తలుపులు వేసుకునేవాళ్లం. ఆ బండి ఎక్కడికి వెళ్లేదో, ఎన్నిటిని మోసుకెళ్లేదో మా వీధిలో ఎవరూ అడిగిన గుర్తు లేదు. 2001లో కేంద్రం తెచ్చిన నియమాలు ఆపరేషన్, టీకా చేసి కుక్కల్ని వాటి చోటే వదలాలన్నాయి. 2023లో వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాలూ స్థానిక పర్యవేక్షణ కమిటీలు ఉండాలని చెబుతున్నాయి. ఆ 2023 ఫిబ్రవరిలోనే హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల్ని షెల్టర్లకి తరలించమని 11న ఒక తీర్పు, 22న దాన్ని సవరిస్తూ మరొక తీర్పు ఇచ్చినప్పుడు ఇక్కడి మా స్నేహితులు రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు. మన పేటలో ఎన్ని కుక్కలకి ఆపరేషన్ అయింది, ఎన్నిటికి టీకా పడింది, ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది అని మాత్రం ఏ పక్షమూ అడగలేదు. నాకు ఆ పిల్లవాడి ప్రాణం, ఆ కుక్కల ప్రాణం రెండూ ఆ పుస్తకంలోనే ఉన్నాయనిపిస్తుంది.

అక్కడ మేం తలుపులు వేసుకున్నాం. ఇక్కడ తలుపులు తీసే ఉన్నా వెళ్లడం లేదు. శాంటా క్లారా, క్యాంప్‌బెల్, మౌంటెన్ వ్యూ, మాంటె సెరెనో నగరాలు కలిసి నడిపే సిలికాన్ వ్యాలీ యానిమల్ కంట్రోల్ అథారిటీకి ఆ ఊళ్ల ప్రతినిధులతో ఒక బోర్డు ఉంది. షెల్టర్లని తనిఖీ చేయడానికే ప్రత్యేకంగా ఒక రాష్ట్ర శాఖ లేని చోట, ఇలాంటి బోర్డులే దగ్గరి పర్యవేక్షణ. ఆ కౌంటర్ దగ్గర తమ్ముడు తన కుక్క గురించి కష్టమైన నిజం చెప్పాడు, ఆవిడ దాన్ని కష్టపడి పూర్తిగా రాసింది. వాళ్లిద్దరూ తమ వంతు చేశారు. రాసినదాన్ని చదవడం మన వంతు.

సిటిజన్లం కాదు, ఓటు లేదు, మనకెందుకు అని మనలో చాలామంది అనుకుంటాం. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఇలాంటి బోర్డుల సాధారణ సమావేశాల ఎజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి. వచ్చినవాళ్లని మాట్లాడనివ్వాలి. పేరు చెప్పమని నిర్బంధించకూడదు, పౌరసత్వం అడిగే పనే లేదు. వచ్చే సమావేశానికి నేను వెళ్తున్నాను. గత సంవత్సరం ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇళ్లకి వెళ్లాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్నిటిని తీసుకోలేక వెనక్కి పంపారు అని అడుగుతాను. వీలైతే మీరూ రండి.