యాత్రకు ముందు

కాశికి పోయినవారు కాటికి పోయినవారితో సమానమని మన పెద్ద లనుటకు దారిదొంగల భయము గూడ నొక కారణమై యుండును. నేటి దొంగ దారి కాయడు. మనము ఇంట గూర్చుండి ఫోనులో గదికొఱకు వెదకునపుడే యెదురగును.

మా వీథిలోని యొక వృద్ధురాలు తిరుమలలో గదికని పంపిన ఆఱువేల రూపాయలను ఇట్లే పోగొట్టుకొనెను. ఆ వెబ్‌సైటులో గోపురమును, శ్రీవారి నామమును గలవు. బొమ్మల నెవరైన నతికింపవచ్చును గదా! దేవస్థానమువారి చిరునామా "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగియును. ఆ తోక ప్రభుత్వసంబంధము లేనివారికి లభింపదు.

దర్శనము టికెట్టు తనయొద్ద సిద్ధముగా నున్నదను దళారిని అసలే నమ్మరాదు. 300 రూపాయల ప్రత్యేకప్రవేశ దర్శనము టికెట్టు యాత్రికుల పేరుననే యుండును; ఒకరిది మఱొకరికి చెల్లదు. అది దొరకనిచో సర్వదర్శనము కలదు, రుసుము లేదు. కాళ్లు నొచ్చునేమో కాని కొంగుముడి విప్ప నక్కఱలేదు.

ఆమెకు మఱునాడు మరల ఫోను వచ్చెను: "సొమ్ము వాపసు చేసెదము, పిన్ను నొక్కుడు" అని. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు. ఈ సంగతి మాత్ర మామె యెఱుగును.

అయినను కొడుకు కోపించునని రెండుదినములు నోరు విప్పలేదు. వెంటనే 1930కి ఫోను చేసినచో సొమ్మును మార్గమధ్యముననే నిలుపుట కవకాశ ముండెడిది. ఇంటివారి మందలింపునకు జడిసి యెందఱు స్త్రీలిట్లు ఊరకుందురో! తుదకు విని యా కొడుకు, "నాతో నప్పుడే చెప్పవేమమ్మా?" యనెను. ఆమె బదులు పలుకలేదు.