వెనకనించి హారన్ వినపడని దారి

మన సినిమాల్లో సైకిలు పాటలు చూసే ఉంటారు. హీరోదొక సైకిలు, హీరోయిన్‌దొక సైకిలు... రోడ్డుకి అడ్డంగా వంకర్లు తిప్పుకుంటూ, చేతులు వదిలేసి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వెళ్ళిపోతుంటారు. చరణాల మీద చరణాలు అయిపోతున్నా వెనకనించి ఒక్క లారీ రాదు. ఏ బస్సు డ్రైవరూ తల బయటపెట్టి తిట్టడు! ఎందుకు తిడతాడు? ఫ్రేముకి అవతల ప్రొడక్షన్ వాళ్ళు తాడు కట్టి ట్రాఫిక్ ఆపేశారు కదా! షాటు ఓకే అయిందా, తాడు తీసేస్తారు. రోడ్డు మళ్ళీ లారీలదే.

ఆ తాడు ఎప్పటికీ తియ్యని దారి ఒకటి చూసొచ్చాను. అక్కడ మీరైనా నేనైనా హీరోలమే! దక్షిణ ఫ్రాన్స్‌లో, మజామె అనే ఊరినించి బెదారియూ అనే ఊరిదాకా, దాదాపు 80 కిలోమీటర్లు. పేరు పస్సా పయీస్. ఆ ప్రాంతపు ఆక్సితాన్ భాషలో, ఊళ్ళూ నేలా దాటుకుంటూ పోయేదని అర్థం. ఒకప్పుడది రైలుమార్గం. 1970ల మొదట్లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. తరవాత పట్టాలు పీకేశారు. ఆ కట్టమీద సన్న కంకరా ఇసకా కలిపి, గట్టిగా అణిచి, దారి చేశారు. కార్లకీ మోటారు సైకిళ్ళకీ ప్రవేశం లేదు. నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ, గుర్రాలకీ మాత్రమే.

2024 జూన్‌లో తులూజ్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఓ రాత్రి భోజనాల దగ్గర అక్క అడిగింది.

"ఒరేయ్, రెండ్రోజులు సైకిలు మీద తిరిగొస్తావా? బావది గ్రావెల్ సైకిలు ఖాళీగానే ఉంది."

"నేను సైకిలెక్కి పదమూడేళ్ళయిందక్కా" అన్నాను.

అక్కకి తెలుసు ఎందుకో. ఇంకేమీ అనలేదు. పప్పు వడ్డించింది.

మీకు చెప్పాలి. 2011లో, నేను డిగ్రీ చదివేటప్పుడు, నా స్నేహితుడూ నేనూ గుంటూరులో సెకండ్ షో చూసి సైకిళ్ళ మీద తిరిగొస్తున్నాం. వాడు నాకు పది గజాలు వెనక. సినిమాలో పాట ఈల వేస్తున్నాడు. హారన్ వినపడింది. తరవాత ఈల వినపడలేదు. అంతే. ఆ రోజునించీ వెనక హారన్ మోగితే నా వీపు బిగుసుకుపోతుంది, బస్సులో కూర్చున్నా సరే.

"అక్కడ హారన్లు ఉండవు బావా" అన్నారు మా బావగారు మెల్లిగా. నన్ను లేవదీసింది ఆ ఒక్క మాటే!

తులూజ్‌నించి మజామెకి రైలుంది, సైకిలు ఎక్కించుకోనిస్తారు. ఈ మజామె ఒకప్పుడు ఉన్ని వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. కానీ సినిమా పత్రిక చదివే మీకు చెప్పవలసిన కథ వేరే ఉంది. 1973 మే నెలలో ఫ్రెంచి టెలివిజన్ వాళ్ళు కెమెరాలు పట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఊరి జనాభా పదహారు వేల ఆరువందల చిల్లర. అంతకు ముందు సంవత్సరం ఫ్రాన్స్ రోడ్ల మీద చచ్చిపోయినవాళ్ళు కూడా దాదాపు అంతమందే! మిషెల్ తోరియాక్ అనే టీవీ పాత్రికేయుడు ఊరివాళ్ళని ఒక కోరిక కోరాడు: ఒక పావుగంట మీరంతా వీధుల్లో శవాల్లా పడుకోండి.

పడుకున్నారు. దుకాణాలు వదిలి, పనులు వదిలి, ఆడా మగా పిల్లా ముసలీ రోడ్డుమీద వెల్లకిలా, బోర్లా, ఎలా పడితే అలా. లెక్కల పుస్తకంలో అంకె ఒక్కసారి కళ్ళముందు ఊరంత శవాల దిబ్బయింది. డూపుల్లేవు, ట్రిక్ షాట్లు లేవు. ఆ ఏడాది జూలైనించే ఊళ్ళ బయట కారు ముందు సీట్లో బెల్టు తప్పనిసరి చేశారు. ఆ ఒక్క కార్యక్రమం వల్లేనని నేననను గానీ, దేశం కళ్ళు తెరిచిన కాలం మాత్రం అదే. ఇప్పుడు ఫ్రాన్స్‌లో రోడ్డు చావులు ఏడాదికి మూడు వేల పైచిలుకు.

మరి మన లెక్క? 2022లో 1,68,491 మంది. మన దేశం చాలా పెద్దదే, ఒప్పుకుంటాను. అయినా పది మజామెలు! ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టి చూసుకోండి.

అలాంటి ఊళ్ళోనే ఈ దారి మొదలు కావడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించలేదు.

మొదటి మైలు నడిపించుకునే వెళ్ళాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, వెనక తమ్ముణ్ణి వేసుకుని, పెద్దవాళ్ళెవరూ లేకుండా నన్ను దాటుకుపోతూ "బోంజూర్" అంది. అప్పుడు ఎక్కాను.

గ్రావెల్ సైకిలంటే రేసు సైకిలుకి పెద్దక్క లాంటిది. హేండిలు పొట్టేలు కొమ్ముల్లా వంగే ఉంటుంది గానీ, టైర్లు లావు, దాదాపు 40 మిల్లీమీటర్లు. గాలి కాస్త తగ్గించి కొడితే కంకరమీద చక్కగా పోతుంది. చక్రాల కింద మరమరాలు నమిలినట్టు చప్పుడు... ఇంక వేరే చప్పుడు లేదు. ఎక్కడా నిట్రమైన ఎత్తు తగలదు. రైలింజను ఎక్కలేని ఎత్తు ఆ కట్టకి ఉండదు కదా! అందుకే ముసలివాళ్ళూ తొక్కగలరు. రోడ్డు అడ్డం వచ్చినచోట జాగ్రత్తగా చూసుకుని దాటాలి. దాటగానే మళ్ళీ చెట్లు.

లాబస్తీద్ రువేరూ దాటాక ఫెనీయ్ సొరంగం వస్తుంది. లోపల వేసవిలోనూ చలే. విశేషమేమిటంటే, ఆ కొండకి ఇవతల పడ్డ వాన అట్లాంటిక్ సముద్రానికి పోతుంది, అవతల పడ్డది మధ్యధరాకి! ఇటువైపు తడి అడవులు. అటువైపు దిగుతుంటే ఎండ రంగే మారుతుంది: చెస్ట్‌నట్ చెట్లు, ద్రాక్షతోటలు, ఎర్ర పెంకుల ఇళ్ళు. రాత్రి సాన్‌పోన్స్‌లో పడుకుని, మర్నాడు ఒలార్గ్ చేరాను. కొండమీద ఊరు, కింద ఏటిమీద వీపు విరిచినట్టుండే పాత రాతి వంతెన, దాన్ని దయ్యపు వంతెన అంటారు. చెర్రీల కాలం. ఓ పెద్దాయన దోసెడు ఇచ్చాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు, చెర్రీలకి భాష అక్కర్లేదు!

ఇలాంటి దారుల్ని అక్కడ పచ్చని దారులంటారు. మొదటిది 1997లో బర్గండీలో, జివ్రీనించి క్లూనీదాకా, అదీ పాత రైలుకట్ట మీదే. 2004లో ట్రాఫిక్ చట్టంలోకే ఆ మాట ఎక్కింది.

ఇక్కడ నాకో సినిమా గుర్తొచ్చింది. జాక్ తాతి తీసి, నటించిన "జూర్ ద ఫెత్", 1949లో విడుదల. సేంత్ సెవేర్ అనే పల్లెటూళ్ళో తీశారు. సైకిలు మీద ఉత్తరాలు పంచే పోస్టుమాన్ కథ. అమెరికా తపాలావాళ్ళ వేగం తెరమీద చూసి, తనూ అంత జోరుగా పోవాలని తొక్కి తొక్కి చివరికి ఏట్లో పడతాడు! ఆ సినిమాలో పల్లె రోడ్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో చూడండి. అప్పుడు ఆ నిశ్శబ్దం ఊరికే వచ్చేది. ఇప్పుడదే నిశ్శబ్దానికి చట్టం కావాలి, కట్ట కావాలి, కాపలా కావాలి. పోగొట్టుకున్నదాన్ని డబ్బుపెట్టి మళ్ళీ కట్టుకుంటున్నారు. ఇంకా పూర్తిగా పోగొట్టుకోనివాళ్ళకి అది చవకలో వచ్చే పాఠం, నేర్చుకుంటే!

ఒలార్గ్ దాటాక ఒక సంగతి గమనించాను. నేను ఈల వేస్తున్నాను. ఆ రాత్రి వాడు వేసిన పాటే. ఆపబుద్ధి కాలేదు. బెదారియూదాకా వేస్తూనే వెళ్ళాను.

తిరిగొచ్చాక పాత సైకిలొకటి కొన్నాను. హైవే జోలికి పోను. తెల్లారి ఐదున్నరకి మా కాలవగట్టు మీద, ఎర్ర గ్రావెల్లో, లాకులదాకా వెళ్ళొస్తాను. చట్టమూ లేదు, బోర్డూ లేదు, మధ్యలో గేదెలు అడ్డం. కానీ ఆ వేళప్పుడు వెనకనించి వచ్చేది గాలి ఒక్కటే. మీ ఊళ్ళోనూ అలాంటి గట్టు ఒకటి ఉండే ఉంటుంది. దానిమీద తారు పడకముందే ఒకసారి తొక్కి చూడండి.